పాత లాప్‌టాప్‌లో లినక్స్ వెయ్యాలంటే ముందు కమాండ్లు నేర్చుకోవాలా?

మీ లాప్‌టాప్ పాతది, విండోస్ 11 ఎక్కనంటోంది, విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది, అందుకని విండోస్‌కి బదులు లినక్స్ మింట్ (లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం) వేద్దామనుకుంటున్నారు, దానికి కమాండ్లు, అంటే కంప్యూటర్‌కి టైప్ చేసి ఇచ్చే ఆదేశాలు, ముందే నేర్చుకోవాలా అని కదా మీరు అడిగింది. అక్కర్లేదు. నేను బీకాం చదివి ఎరువుల షాపులో లెక్కలు రాస్తుంటాను. మూడేళ్ళుగా ఇంట్లో మింటే వాడుతున్నా, ఇప్పటికీ గట్టిగా పది కమాండ్లు రావు.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. మనందరికీ ఒక అలవాటుంది కదా, ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లో పడేస్తే సి ఫార్మాట్ చేసినా పర్లేదని. ఇన్‌స్టాల్ చేస్తుంటే 'ఎరేజ్ డిస్క్' అని కనపడింది, సి ఒక్కటే పోతుందిలే అనుకుని నొక్కేశాను. నా దాంట్లో ఉన్నది ఒకే హార్డ్ డిస్క్, సి, డి అనేవి దాని మధ్యలో గీసిన గట్లు, అంతే. ఆ ఆప్షన్ గట్లతో సహా చేనంతా దున్నేసింది. నాన్న పొలం పాస్‌బుక్ స్కాన్లు పోయాయి, అవి మళ్ళీ తీసుకున్నాం. చెల్లి పెళ్ళి ఫొటోలు కూడా పోయాయి, బంధువుల వాట్సాప్‌లలో వెతికితే ఓ నలభై దొరికాయి. చెల్లి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అందుకే ఫైళ్ళన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించేదాకా, ఎక్కించాక కూడా ఇంకో నాలుగు రోజులు, ఇన్‌స్టాల్ జోలికి పోకండి. ఖాళీ 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చూసుకోండి. మింట్ సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ (మింట్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) దించుకుని, దాన్ని రూఫస్ లాంటి టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయించాలి, ఊరికే కాపీ పేస్ట్ చేస్తే పనిచెయ్యదు. తర్వాత రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో పడీపడగానే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి, డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. వచ్చిన లిస్టులో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి. లోపలి డిస్క్‌ని ముట్టుకోకుండానే మింట్ తెరుచుకుంటుంది. కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, ఆపేస్తే అందులో చేసుకున్న మార్పులు ఉండవు, అయినా సరే ఆ నాలుగు రోజులూ ఇలాగే వాడండి. యూట్యూబ్ చూసి బాగుందనుకోవడం కాదు, మీరు రోజూ చేసే పనులే చెయ్యండి. ప్రింటర్ కాగితం తీసిందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మళ్ళీ లేస్తోందా చూడండి. నేనిదేమీ చూసుకోలేదు, అంతా చెరిపేశాక గానీ వైఫై పట్టదని తెలియలేదు. చివరికి ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే నా బ్రాడ్‌కామ్ వైఫై కార్డుకి ఏ డ్రైవర్ కావాలో అదే చూపించింది.

టాలీ మీద బతికేవాళ్ళకీ, పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్ళకీ మాత్రం ఇది వద్దనే చెప్తాను. అవి దీంట్లో నేరుగా నడవవు. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ళయితే యూనికోడ్ కాదు కాబట్టి పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. నేను కూడా షాపులో విండోసే వాడతాను. మామూలు తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది లేదు, కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరం ఉండే పద్ధతి) వచ్చేస్తుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ టూల్ వేసుకుని అందులో ఐట్రాన్స్ ఎంచుకోవాలి.

ఇంకొకటి, ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా విండోస్‌లోలా నెట్‌లో ఈఎక్స్‌ఈ ఫైల్ కోసం వెతక్కండి. సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఉంటుంది, ఫోన్‌లో ప్లేస్టోర్ లాంటిదే.

కమాండ్ల సంగతంటారా, ఒకసారి కమాండ్లు కొట్టే నల్ల తెరలో, అదే టెర్మినల్‌లో, అప్‌డేట్ నడుస్తుంటే, అందులో వచ్చిన ఒక లైను స్నేహితుడికి పంపుదామని కంట్రోల్ సి కొట్టాను. అక్కడ కంట్రోల్ సి అంటే కాపీ కాదు, నడుస్తున్న పనిని ఆపెయ్యమని! కాపీకి మధ్యలో షిఫ్ట్ కూడా కలపాలి. అప్‌డేట్ సగంలో ఆగిపోయింది, ఆ తర్వాత ఏది వెయ్యబోయినా ఎర్రర్. టెన్షన్‌తో ఓ గంట యూట్యూబ్ వీడియోలన్నీ తిరగేసి, మొత్తం మళ్ళీ వేసేద్దామని పెన్‌డ్రైవ్ కూడా తీశాక, ఆ ఎర్రర్‌ని నింపాదిగా చదివితే ఏ కమాండ్ కొట్టాలో దాని చివర్లోనే రాసి ఉంది. కొట్టాను, బాగైపోయింది.

ఆ తర్వాత అన్నయ్య లాప్‌టాప్‌లో విండోస్ తియ్యకుండా పక్కనే మింట్ వేసిపెట్టాను. మీరూ అలా వేసుకుంటే, విండోస్‌లోకి వెళ్ళినప్పుడు గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తే కంగారుపడకండి. లాప్‌టాప్ లోపలి గడియారంలో ఉన్నది గ్రీనిచ్ టైమని లినక్స్ అనుకుంటుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి 'timedatectl set-local-rtc 1' అని కొట్టి, విండోస్‌లో టైమ్ ఒకసారి సరిచేస్తే చాలు. అన్నయ్య అయితే రెండు వారాలు ఆ లోపలి గడియారాన్ని నడిపే బయోస్ బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కూడా కొన్నాడు.