లెక్కలోకి రాని కాన్పులు

చిరంజీవికి,

కోవిడ్ లాక్‌డౌన్‌లో నెలలు నిండని కాన్పులు తగ్గాయంటూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం నడపడం నీకు వచ్చు, దాని గురించి నేను చెప్పాల్సిందేమీ లేదు. ‘లాక్‌డౌన్ కడుపులోని బిడ్డల్ని కాపాడింది’ అన్న శీర్షిక చూస్తే ఏ సంపాదకుడైనా కళ్ళకద్దుకుని వేసుకుంటాడు. వేసుకునేలోపే ఈ ఉత్తరం నీకు అందాలని తొందరగా రాస్తున్నాను. నువ్విచ్చిన అంకెల్లో తప్పు లేదు, ఎక్కడెక్కడివో బాగానే వెతికి పట్టుకున్నావు. ఆ అంకెల్లో ఎవరున్నారో, ఎవరు లేరో మాత్రం నువ్వు అడగలేదు. నా ఫిర్యాదల్లా అదే.

డెన్మార్క్‌తో మొదలుపెట్టావు. నిజంగానే ఈ కథ 2020లో డెన్మార్క్, ఐర్లండ్ డాక్టర్ల దగ్గరే మొదలైంది. మార్చి 12 నుంచి ఏప్రిల్ 14 దాకా డెన్మార్క్ జనం ఇళ్ళు కదలని రోజుల్లో, 28 వారాలు కూడా నిండకుండా పుట్టిన బిడ్డలు వెయ్యికి 0.19. అంతకు ముందు ఐదేళ్ళలో అవే రోజులకి వెయ్యికి 2.19. తొంభై శాతం తగ్గుదల అని రాశావు. ఇప్పుడు ఆ శాతాన్ని పక్కన పెట్టి తలలు లెక్కపెట్టు. ఆ నెల రోజుల్లో దేశం మొత్తం మీద, కవలల్ని వదిలేస్తే, పుట్టింది ఐదు వేల చిల్లర మంది. అంటే మామూలుగా పదకొండు మంది పుట్టే చోట ఒక్కరు పుట్టారు. తేడా పదిమంది. కొట్టిపారేసే తేడా కాదు. కానీ ‘తొంభై శాతం’ అని చదివినప్పుడు పాఠకుడి మనసులో మెదిలేది పదిమంది కాదు కదా! పైగా అదే అధ్యయనంలో, 28 వారాలు దాటి 37 నిండకుండా పుట్టిన వాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు ఏమీ లేదు. నెలలు తక్కువ బిడ్డల్లో, అంటే 37 వారాలు నిండకుండా పుట్టినవాళ్ళలో, నూటికి తొంభై మందికి పైగా ఆ కోవలోనే ఉంటారు. ఆ మాట నీ వ్యాసంలో లేదు.

ఐర్లండ్‌లోని లిమరిక్ ఆసుపత్రి సంగతి ఇంకా చిత్రం. 1500 గ్రాములలోపు బరువుతో పుట్టినవాళ్ళు 2001 నుంచి 2019 దాకా వెయ్యికి 8.18, 2020లో 2.17. ఈ లెక్క జనవరి నుంచి ఏప్రిల్ దాకా తీసుకున్నది. ఐర్లండ్‌లో బడులు మూసింది మార్చి 12న. మరి జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ బిడ్డల్ని ఏ లాక్‌డౌన్ కాపాడినట్టు?

ఎవరైనా గొప్ప అంకె చెబితే, ఎంతమందిలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ముందు అడగడం అలవాటు చేసుకో. వాళ్ళు మోసం చేస్తున్నారని కాదు. చిన్న ఆసుపత్రి, కొద్ది నెలలు అన్నప్పుడు అంకె దానంతటదే ఊగుతుంది. ఊపు పైకి పోయిన చోట ఎవరూ పత్రం రాయరు, కిందికి పడిన చోట రాస్తారు.

పెద్ద లెక్క కావాలంటే 2023లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చింది చూడు. 26 దేశాలు, 5 కోట్ల 20 లక్షల కాన్పులు. లాక్‌డౌన్ మొదటి మూడు నెలల్లో నెలలు నిండని కాన్పులు మూడు నాలుగు శాతం తగ్గాయి, నాలుగో నెలకి ఆ తగ్గుదల కనిపించలేదు. అదీ ప్రధానంగా సంపన్న దేశాల లెక్కే. తొంభై ఎక్కడ, నాలుగు ఎక్కడ! అయినా ఆ నాలుగుని చిన్నచూపు చూడకు. ప్రపంచంలో ఏటా కోటీ ముప్పై లక్షల పైచిలుకు బిడ్డలు 37 వారాలు నిండకుండా పుడుతున్నారు, 2020లో మన దేశంలోనే సుమారు 30 లక్షల మంది. అందులో నూటికి నలుగురంటే తక్కువేం కాదు. నెదర్లాండ్స్‌లో ఇంకా పెద్ద తగ్గుదల కనిపించింది, పదిహేను నుంచి ఇరవై మూడు శాతం దాకా. పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసే దేశవ్యాప్త పరీక్ష రికార్డుల నుంచి తీసిన లెక్క కాబట్టి దాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఆ తగ్గుదల స్పష్టంగా తేలింది కాస్త కలిగినవాళ్ళుండే పేటల్లోనే. కట్టడి అంతగా పెట్టని స్వీడన్‌లో మార్పే లేదు. అమెరికాలో 2019లో 10.2 శాతం ఉన్నది 2020లో 10.1కి దిగి, 2021లో 10.5కి ఎక్కింది. గర్భిణికి కోవిడ్ సోకితే ముందే కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది, అది కూడా ఈ లెక్కల్లో కలిసే ఉంది. జబ్బు ఒక వైపు లాగితే కట్టడి ఇంకో వైపు లాగింది. రెండిటినీ ఒకే మాటలో చెప్పాలని చూస్తే ఏదో ఒకటి అబద్ధమవుతుంది.

ఎందుకు తగ్గిందన్న చోట నువ్వు అందంగా రాశావు. గాలి శుభ్రపడింది, జలుబులూ ఫ్లూలూ తగ్గాయి, బస్సుల్లో తోపులాట లేదు, ఆడవాళ్ళకి విశ్రాంతి దొరికింది. మొదటి మూడూ పరిశోధకులు కూడా అనుకున్నవే, ఊహలుగా చెబితే ఉంచుకో. నాలుగోదాని దగ్గర ఆగాను. ఏ ఇంట్లో దొరికింది ఆ విశ్రాంతి? మొగుడు, పిల్లలు, అత్తమామలు పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటే, పనిమనిషి రాకపోతే, ఏడో నెల కడుపుతో ఎవరు వండారు, ఎవరు అంట్లు తోమారు? ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం ఉన్న ఇంట్లో ఒకలా ఉంటుంది, రోజుకూలీ ఇంట్లో ఒకలా ఉంటుంది. నెదర్లాండ్స్ పేటల తేడా చెబుతున్నది బహుశా ఇదే. ఇంకో సంగతి. మంచం దిగకుండా పడుకోబెడితే నెలలు నిండుతాయన్న దానికి వైద్యంలో గట్టి ఆధారం దొరకలేదు. ఆ వాక్యాన్ని అలాగే వదిలేస్తే రేపు ఎవరో ఒక అత్తగారు నీ వ్యాసం పట్టుకుని, ‘చెప్పినట్టు పడుకుని ఉంటే బిడ్డకి ఈ గతి పట్టేది కాదు’ అంటుంది. నెలలు తక్కువ బిడ్డని కన్న తల్లి అసలే తననే తిట్టుకుంటూ ఉంటుంది. ఆమెని తిట్టడానికి ఇంకొకరికి మాట అందించకు.

ఇక నీ వ్యాసంలో పూర్తిగా లేని విషయం. ముందుగా అయ్యే కాన్పులన్నీ నొప్పులు వాటంతటవి వచ్చి అయ్యేవి కావు. సంపన్న దేశాల్లో మూడింట ఒక వంతు దాకా డాక్టరే నిర్ణయించి చేస్తాడు. బీపీ పెరిగిందనో, ఉమ్మనీరు తగ్గిందనో, బిడ్డ ఎదగడం లేదనో, ఇంకా లోపల ఉంచితే దక్కదని ముందే బయటికి తీస్తారు. ఆ నిర్ణయం జరగాలంటే తల్లి పరీక్షకి రావాలి, ఎవరో ఒకరు స్కాన్ చూడాలి. రాకపోతే? ముందస్తు కాన్పు జరగదు, రేటు తగ్గుతుంది. బిడ్డ లోపలే పోవచ్చు. మెల్‌బోర్న్‌లోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల లెక్కలు కలిపి చూసినప్పుడు సరిగ్గా ఇలాంటి జోడీయే బయటపడింది. బిడ్డ క్షేమం కోసం డాక్టర్లు ముందుగా చేసే కాన్పులు తగ్గాయి, నెలలు నిండకముందే కడుపులో చనిపోయిన బిడ్డలు పెరిగారు. మొదటి ముక్క ఒక్కటే పట్టుకుంటే అది శుభవార్తలా కనిపిస్తుంది. సజీవంగా పుట్టిన వాళ్ళని మాత్రమే లెక్కించే ఏ పట్టికని చూసినా, పక్కనే మృత శిశువుల పట్టిక ఏదని అడుగు.

అలాగని చెడ్డ వార్తని చూడగానే నమ్మేయకు. లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో మృత శిశు జననాలు వెయ్యికి 2.38 నుంచి 9.31కి పెరిగాయని 2020లో గగ్గోలైంది. తలలు లెక్కపెడితే నాలుగు నుంచి పదహారు. ఆ తర్వాత ఇంగ్లండ్ మొత్తం లెక్క తీస్తే మొదటి కోవిడ్ అలలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. డెన్మార్క్‌ని అడిగిన ప్రశ్నలే సెయింట్ జార్జ్‌నీ అడగాలి. మన మనసుకి నచ్చిన అంకెకి ఒక న్యాయం, నచ్చనిదానికి ఒక న్యాయం పనికిరాదు.

నీ వ్యాసంలో నేపాల్ ఊసు లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మన పరిస్థితికి లిమరిక్ కంటే అది ఎంతో దగ్గర. తొమ్మిది ఆసుపత్రుల్లో లాక్‌డౌన్‌కి ముందూ తర్వాతా చూశారు. ఆసుపత్రి కాన్పులు సగానికి పైగా పడిపోయాయి. మృత శిశు జననాలు వెయ్యికి 14 నుంచి 21కి, నవజాత శిశు మరణాలు వెయ్యికి 13 నుంచి 40కి పెరిగాయి. నెలలు తక్కువ కాన్పుల వాటా 16.7 నుంచి 20 శాతానికి ఎక్కింది. ఇప్పుడు ఆ చివరి అంకెతో కాసేపు కూర్చో. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన ఆడవాళ్ళు నిజంగా పెరిగారా? లేక మామూలు కాన్పులవాళ్ళు ఇంట్లోనే ఉండిపోయి, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళే తెగించి ఆసుపత్రికి చేరడం వల్ల వాటా పెరిగినట్టు కనిపించిందా? రెండూ కావచ్చు. ఆసుపత్రి రిజిస్టర్‌కి గేటు దాటి లోపలికి వచ్చినవాళ్ళే తెలుసు. అదే పట్టికలో చిన్న ఊరట కూడా ఉంది. సిబ్బంది చేతులు కడుక్కోవడం మెరుగుపడింది, కానీ కాన్పు సమయంలో బిడ్డ గుండె చప్పుడు గమనించడం తగ్గింది. నాకు ఇలాంటి వివరాలంటే ప్రాణం. కట్టడి మనుషుల్ని ఏం చేసిందో శాతాల కంటే ఇవే బాగా చెబుతాయి.

మన దగ్గరికి వద్దాం. 2020 మార్చి 25 నుంచి అంతా మూతపడింది. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం మన ఆనవాయితీ. హైదరాబాద్‌లో ఉన్న కోడలికి కృష్ణా జిల్లాలో పుట్టిల్లయితే, మధ్యలో రాష్ట్ర సరిహద్దు, చెక్‌పోస్టు, పాసు. తొలి నెలల నుంచి చూపించుకుంటున్న డాక్టరమ్మ ఒక చోట, నొప్పులు వచ్చింది ఇంకో చోట. ఇంటింటికీ తిరిగి గర్భిణుల్ని చూసే ఆశా, ఏఎన్‌ఎంలని కోవిడ్ సర్వేలకి తిప్పారు. కంటైన్‌మెంట్ ప్రాంతం నుంచి వచ్చిందన్న కారణంతో గద్వాల ప్రాంతపు గర్భిణి ఒకామెని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిప్పారు. చివరికి ఆమె చనిపోతే ఆ విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళింది. ఆమె ఏ ముందస్తు కాన్పుల పట్టికలో ఉంటుంది?

ఇంకో చిక్కు ఉంది, దాన్ని చాలామంది రాయరు. నెలలు తక్కువ అని తేల్చాలంటే నెల ఎప్పుడు తప్పిందో తెలియాలి. మొదటి మూడు నెలల్లో తీసే స్కాన్ ఆ తేదీని ఖాయం చేస్తుంది. లాక్‌డౌన్‌లో ఆ స్కాన్ తప్పిపోతే ‘ఉగాది ముందో వెనకో’ అన్న జ్ఞాపకమే దిక్కు. నెలలు నిండినా ఎదగక రెండు కిలోల లోపే ఉన్న బిడ్డ నెలలు తక్కువ ఖాతాలో పడొచ్చు, అచ్చంగా నెలలు తక్కువ బిడ్డ చిన్న బిడ్డ ఖాతాలోకి వెళ్ళొచ్చు. కాబట్టి ఒక్క ఆసుపత్రి అంకె పట్టుకుని ‘తెలుగు రాష్ట్రాల్లో కూడా తగ్గాయి’ అని నువ్వు రాసిన పేరా పూర్తిగా తీసెయ్. నువ్వు అంకె తెచ్చిన ఆ పెద్దాసుపత్రికి రోజూ చుట్టుపక్కల జిల్లాల నుంచి కష్టం కాన్పుల్ని పంపుతారు. ఆ కేసులు రాకపోతే అక్కడి రేటు తగ్గి తీరుతుంది.

మరి రాయొద్దా అంటే, రాయి. కానీ డెన్మార్క్ నుంచి తెచ్చుకోకుండా, నీ జిల్లా ఆసుపత్రి నుంచి రాయి. అక్కడి ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ, బరువు తక్కువ పసికందుల్ని ఉంచి చూసే ప్రత్యేక వార్డులో, చేరిన ప్రతి నవజాత శిశువునీ రిజిస్టర్‌లో రెండు రకాలుగా రాస్తారు. అదే ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు ఇన్‌బోర్న్, బయట పుట్టి వచ్చినవాళ్ళు అవుట్‌బోర్న్. 2019, 2020, 2021 మార్చి నుంచి జూన్ దాకా రెండు వరసలూ విడివిడిగా తీసుకో, బరువు, వారాలు, చివరికి ఏమైందన్నది కూడా. 2020 ఏప్రిల్‌లో అవుట్‌బోర్న్ వరస ఖాళీగా కనిపిస్తే సంతోషించకు, ఆ మండలాలకి వెళ్ళు. 108 బండిలోనే అయిన కాన్పుల లెక్క అడుగు. ఏఎన్‌ఎంల దగ్గర గర్భిణుల జాబితా ఉంటుంది, ఆ జాబితాలో ఉండి ఆసుపత్రి రిజిస్టర్‌లో లేనివాళ్ళెవరో ఒక్క ఊళ్ళో తేల్చినా చాలు, నీ వ్యాసం ఇంకెవరూ రాయలేనిది అవుతుంది. తల్లులతో మాట్లాడేటప్పుడు ‘అప్పుడేం చేశారు’ అని మొదలుపెట్టకు. ‘అప్పుడు బండి దొరికిందా, ఎవరు తోడొచ్చారు’ అని అడుగు. బిడ్డ దక్కని ఇంటికి ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని వెళ్ళు, వాళ్ళు వద్దంటే గుమ్మం నుంచే వచ్చెయ్.

రిజిస్టర్ చూపించమంటే సూపరింటెండెంట్ వెంటనే ఒప్పుకోకపోవచ్చు. పేర్లు అక్కర్లేదు, నెలవారీ మొత్తాలు చాలని కాగితం మీద రాసివ్వు. కాదంటే పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. వాళ్ళకి ముప్పై రోజుల గడువుంటుంది. వ్యాసాన్ని అంతదాకా ఆపమని మీ సంపాదకుడికి చెప్పు. ఆపనంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు