లైబ్రరీ పీరియడ్‌లో పుస్తకాల వేట

ప్రశ్న: మాది గాజువాక. మూడో తరగతిలో 30 మంది పిల్లలు. వారానికి ఒకే లైబ్రరీ పీరియడ్, 40 నిమిషాలు. పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి పక్కన పడేస్తున్నారు. చదివించేదెలా?
– ఒక టీచరు, విశాఖపట్నం

జవాబు: వేట ఆడించండి టీచర్ గారూ. అయిదుగురి చొప్పున ఆరు జట్లు, బొమ్మలు తక్కువున్న ఆరు కథల పుస్తకాలు చాలు. ఒక్కో పుస్తకానికి ఒక చీటీ: పుస్తకం పేరు, పేజీ నంబరు, ఒక ప్రశ్న. జవాబు బొమ్మలో కనిపించకూడదు, అసలు కిటుకు ఇదే. ‘పడవ ఏ రంగు?’ అని అడిగితే బొమ్మ చూసి చెప్పేస్తారు. ‘పడవ ఎందుకు వెనక్కి తిరిగింది?’ అంటే ఆ పేజీ చదవక తప్పదు.

చీటీలను పుస్తకాల్లో దాచొద్దు, జారిపోతాయి. మీ దగ్గరే ఉంచుకుని, జవాబు చెప్పిన జట్టుకు తర్వాతిది ఇవ్వండి. అన్ని జట్లకూ ఒకే వరస పెడితే ఒకే బీరువా దగ్గర తోపులాట! ఒక్కో జట్టును ఒక్కో పుస్తకంతో మొదలుపెట్టండి. చురుకైన పిల్లే అంతా చదివేస్తుంది కాబట్టి చీటీ మారినప్పుడల్లా చదివేవాళ్లూ మారాలి. తడబడే పిల్లలకు రెండు వాక్యాల పేజీ ఇవ్వండి.

వేటకు 25 నిమిషాలు. చివరి పది నిమిషాలు ఇంటికి పుస్తకాలివ్వడానికే, వాటిని వదులుకోవద్దు. గెలిచిన జట్టుకు ముందుగా ఎంచుకునే అవకాశమే బహుమతి. ఎన్ని పుస్తకాలు చదివారో లెక్కగట్టి బహుమతులిస్తే మాత్రం పిల్లలు సన్న పుస్తకాలే ఏరుకుంటారు.

ఓ నెల చేపలు, ఓడలు, దీపస్తంభాల పుస్తకాలతో ‘సముద్రం అర’ పెట్టండి. తర్వాత ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామికి తీసుకెళ్తే, చదివింది కళ్లెదుటే ఉంటుంది.