సమాధానం: మెట్రో ఎక్సోడస్ వీడియో గేమ్, వోల్గా ప్రాంతంలో బుల్లెట్లు మిగలడం లేదు, గన్ జామ్ అవుతోంది

రెండింటికీ మూలం ఒకటే, కెమికల్స్ (గేమ్‌లో ఏరుకునే ముడిసరుకు) ఖర్చు. గన్ జామ్ అయ్యేది మురికి పట్టడం వల్ల. దాన్ని శుభ్రం చేయాలంటే వర్క్‌బెంచ్ (తుపాకులు బాగుచేసుకునే బల్ల) కావాలి, కెమికల్స్ కావాలి. బుల్లెట్లు, మెడ్‌కిట్లు, గ్యాస్ మాస్క్ ఫిల్టర్లు కూడా వాటినే తినేస్తాయి. అందుకే దెబ్బ తగిలిన ప్రతిసారీ మెడ్‌కిట్ వాడకండి. సేఫ్‌హౌస్‌లో మంచం ఉంటే పడుకోండి, ఆరోగ్యం ఉచితంగా నిండుతుంది.

మామూలు బుల్లెట్లు వర్క్‌బెంచ్ దగ్గరే తయారవుతాయి. టిఖార్ (గాలి ఒత్తిడితో పేలే తుపాకీ) గుండ్లు మాత్రం బ్యాక్‌ప్యాక్‌లోనే, ఎక్కడున్నా చేసుకోవచ్చు. కాబట్టి మ్యూటెంట్ల (వికృతంగా మారిన జంతువుల) మీద టిఖారే వాడండి. కాకపోతే గాలి పంపు కొట్టడం మర్చిపోకూడదు: ప్రెషర్ తగ్గితే గుండు తగిలినా జంతువు లెక్కచేయదు. మీటర్ ఎర్ర గీత దాటేలా కొడితే ఆ అదనపు గాలి మెల్లగా లీకైపోతుంది, పోరుకు ముందే కొట్టాలి తప్ప గంట ముందు కాదు.

బందిపోట్ల శిబిరాలకు రాత్రి వెళ్లండి. కాపలా పలచగా ఉంటుంది. దీపాలు ఆర్పుకుంటూ పోండి. చేతి గడియారం మీద నీలం లైటు వెలిగితే మీరు కనబడుతున్నట్టే. వెనకనుంచి కొట్టి స్పృహ తప్పిస్తే ఒక్క బుల్లెట్ కూడా ఖర్చవదు. కింద పడ్డ తుపాకుల అటాచ్‌మెంట్లు (స్కోప్, సైలెన్సర్ లాంటి విడిభాగాలు) ఊడదీయడం మానకండి, ఒకసారి తీస్తే శాశ్వతంగా మీవే.