ముఖ గుర్తింపు కెమెరాలు, ఫోన్ నిఘా: ఎమ్మెల్యేకి రాయాలా, ఎంపీకి రాయాలా?

ముఖ గుర్తింపు కెమెరాల మీద, ఫోన్ నిఘా మీద ప్రజాప్రతినిధికి రాస్తే పనవుతుందా అని అడిగారు. అవుతుంది. కాకపోతే "మా స్వేచ్ఛను కాపాడండి" అని మాత్రమే రాసిన కాగితం పీఏ బల్ల దాటదు. సభ్యుడు ఉన్నదున్నట్టు సభకు పంపగలిగే ప్రశ్నో, సవరణో రాసి ఇవ్వండి.

ముందు ఎవరికో తేల్చుకోండి. చాలా లేఖలు ఇక్కడే దారి తప్పుతాయి. పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలోది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్, తెలంగాణ పోలీసులు వాడే టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపు, రోడ్డు మీద ఆపి ఫోటో తీయడం, ఇవన్నీ ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు అడగాల్సినవి. ఫోన్ నిఘాకు ఆధారమైన 2023 టెలికాం చట్టం, డేటా రక్షణ చట్టం పార్లమెంటువి, అవి ఎంపీని అడగాలి. ఎంపీ విషయంలోనూ జాగ్రత్త: పక్కపక్కనే ఉన్నా కూకట్‌పల్లి మల్కాజిగిరి లోక్‌సభ స్థానం కిందికి, శేరిలింగంపల్లి చేవెళ్ల కిందికి వస్తాయి. ఓటరు కార్డులోని చిరునామా లేఖ పైనే రాయండి, సభ్యుడి దగ్గర సొంత ఓటరు రాసిన కాగితానికి ఉండే విలువే వేరు.

ప్రశ్న ఎలా రాయాలన్నదే అసలు కిటుకు. అభిప్రాయం అడిగే ప్రశ్నను, కోర్టులో నలుగుతున్న అంశాన్ని తిరస్కరిస్తారు. ముఖ గుర్తింపు మీద తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలోనే నోటీసులిచ్చింది. అందుకే "ఇది రాజ్యాంగబద్ధమేనా" అనొద్దు. ఏ చట్టంలో ఏ సెక్షన్ కింద వాడుతున్నారు? కేసు లేని మనిషి ఫోటో ఎన్నాళ్లు ఉంచుతారు, తుడిచేసే అధికారి ఎవరు? తప్పుగా పోల్చినవి ఎన్ని? ఈ మూడూ చాలు. మొదటిదే ఇరకాటం: 2013 ప్రజా భద్రతా చట్టం కెమెరాలు పెట్టమంటుంది, ముఖాలు పోల్చే మాట అందులో లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులిచ్చిన గోప్యత తీర్పు ప్రకారం, చట్టం ఆధారం లేకుండా గోప్యతలో జోక్యం కుదరదు.

పార్లమెంటులో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి. లోక్‌సభలో నక్షత్ర గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సినవి, రోజుకు 20 మాత్రమే, అవీ లాటరీలో వస్తాయి. మీకు కావలసింది లెక్కలైతే నక్షత్రం లేని ప్రశ్నే మేలు, జవాబు లిఖితపూర్వకంగా వస్తుంది.

బిల్లయితే ఆగే సమయం ఉండదు. నిందితుల వేలిముద్రలు, కంటిపాప వంటి కొలతలను 75 ఏళ్లు దాచుకోనిచ్చే క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ బిల్లు 2022 మార్చి 28న లోక్‌సభకొచ్చి, ఏప్రిల్ 6కల్లా రెండు సభలూ దాటేసింది. బిల్లును విడిగా పరిశీలించే సభ్యుల బృందమైన సెలెక్ట్ కమిటీకి పంపమని అడగడం, సవరణ మాటలు సిద్ధంగా ఉంచుకోవడం తప్ప దారి లేదు. ఫోన్ ట్యాపింగ్ విషయంలో సవరణ ఎక్కడ కావాలో తేలికగానే కనిపిస్తుంది: ఉత్తర్విచ్చేది హోం కార్యదర్శి, సమీక్షించేదీ కార్యదర్శుల కమిటీయే. న్యాయమూర్తి ఎక్కడా లేడు. "సమీక్ష కమిటీలో హైకోర్టు న్యాయమూర్తి ఉండాలి" అన్న ఒక్క వాక్యం రాయండి. నాయకుల ఫోన్లు విన్నారన్న ట్యాపింగ్ కేసు చూసిన తెలంగాణలో ఏ పార్టీ సభ్యుడికీ దాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

లేఖకు ముందు పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "ఎందుకు" అని అడగొద్దు. ఉత్తర్వు ప్రతి, కొనుగోలు ఒప్పందం ప్రతి అడగండి. భద్రత పేరుతో ఇవ్వమంటే దిగులొద్దు, ఆ తిరస్కరణ కాగితాన్నే లేఖకు జతచేయండి. అడిగితే చెప్పలేదనడానికి సభ్యుడి చేతిలో ఆధారమవుతుంది.