తడిది ముందు, పొడిది తర్వాత

ప్రశ్న: గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని మేడమ్. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా డ్యూటీ. క్యారేజీలో అన్నం, కూర, పెరుగు తీసుకెళ్తాను. ముద్ద నోట్లో పెట్టుకునేలోపు బెల్ మోగుతుంది. రెండింటికి కడుపు నిండా తింటే నిద్ర ముంచుకొస్తుంది, తినకపోతే నాలుగింటికి కళ్లు తిరిగి క్యాంటీన్ సమోసా మీద పడతాను. ప్రోటీన్ పెంచమని అందరూ అంటున్నారు. నా బరువు 56 కిలోలు. రోజూ చికెన్ వండుకోవడం నా వల్ల కాదు. ఏం పెట్టుకోవాలి?

జవాబు: ముందు చికెన్ సంగతి మర్చిపోండి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. మీకు దాదాపు 47 గ్రాములు. ఇప్పుడు మీ క్యారేజీ చూద్దాం. రెండు కప్పుల అన్నంలో ఎనిమిది గ్రాములు, కప్పు పెరుగులో నాలుగైదు, వంకాయో బెండకాయో అయితే కూరలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అంటే పన్నెండు గంటల డ్యూటీకి పదమూడు గ్రాములు పట్టుకెళ్తున్నారు, అందులోనూ సగం బెల్ మోగిందని వదిలేస్తున్నారు.

అసలు భోజనం ఇంట్లోనే ఏడింటికి కానివ్వండి. వేడన్నం, గరిటె నిలబడేంత గట్టి పప్పు, ఒక గుడ్డు. పప్పుచారుని పప్పు లెక్కలో వేసుకోవద్దు, అందులో పప్పు ఎంతుంటుందో మనందరికీ తెలుసు. ఇక డబ్బాలోకి రెండే రకాలు, తడిది ఒకటి, పొడిది ఒకటి. తడిది డ్యూటీ రూమ్ ఫ్రిజ్‌లో పెట్టి పదకొండు, పన్నెండు మధ్య తినేయాలి. పొడిది నాలుగింటికి.

తడి డబ్బాకి నా ఓటు గుగ్గిళ్లకే, తెలంగాణలో గుడాలంటారు చూడండి, అవే. గుప్పెడు శనగలు, అంటే ఎండువి 50 గ్రాములు, పొద్దున డ్యూటీ దిగి వచ్చాక నానేసి పడుకుంటే సాయంత్రానికి నాని ఉంటాయి, కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ రానిచ్చి నీళ్లు పూర్తిగా వార్చి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేస్తే పది గ్రాముల ప్రోటీన్ మీ చేతిలో ఉన్నట్టే. కొబ్బరి, పచ్చి ఉల్లిపాయ కలపకండి, ఊరికే పాడైపోతాయి. నిమ్మకాయ ముక్క విడిగా తీసుకెళ్లి అక్కడే పిండుకోండి. శనగలు విసుగొస్తే బొబ్బర్లు, ఉలవలు.

లేదంటే పెసరట్లు. 60 గ్రాముల పెసలతో రెండు అట్లు వస్తాయి, 13 గ్రాముల పైనే. ఉప్మా వద్దు, అల్లప్పచ్చడి వద్దు, తెల్ల యూనిఫామ్ మీద పడితే మరక పోదు. కందిపొడిలో నూనె కలిపి అట్టు లోపల పూసి, గట్టిగా చుట్టి, సగానికి కోసి పెట్టుకుంటే ఒక చేత్తో కేస్ షీటు పట్టుకునే తినేయొచ్చు. చల్లారిన పెసరట్టు బాగోదంటారు గానీ పొడి పూసింది బాగానే ఉంటుంది, నా మాట నమ్మండి.

గుడ్ల విషయంలో మాత్రం నాలా చేయకండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఏప్రిల్ రాత్రి, మూడు గుడ్లు ఉడికించి, పెంకు తీసి, తెలివిగా అనుకుని హాట్ బాక్స్‌లో అన్నం మీద పెట్టుకెళ్లాను. రెండింటికి మూత తీసేసరికి పక్క టేబుల్ ఆవిడ లేచి వెళ్లిపోయింది. హాట్ బాక్స్ ఆరు గంటల తర్వాత వేడిగా ఉండదు, గోరువెచ్చగా ఉంటుంది, సూక్ష్మజీవులకి కావలసింది అదే. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య అవి జోరుగా పెరుగుతాయి. అన్నంతో ఇంకో చిక్కు, దాన్లో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అందుకే ఉడికించిన గుడ్డు పెంకుతోనే తీసుకెళ్లండి, ఫ్రిజ్‌లో పెట్టండి, తినేముందు ఒలుచుకోండి. వండిన ఏ తడి పదార్థమైనా బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, ఎండాకాలం అయితే అంతసేపు కూడా వద్దు. ఇన్సులిన్, టీకాలు పెట్టే ఫ్రిజ్ జోలికి పోకూడదని మీకు నేను చెప్పక్కర్లేదు.

నాలుగింటి పొడి డబ్బాలో వేయించిన పల్లీలు, పుట్నాలు చెరో 30 గ్రాములు, కలిపి 13 గ్రాములు. పక్కన ఒక సున్నుండ. సమోసా మీద మనసు పోదని హామీ ఇవ్వలేను గానీ కళ్లు మాత్రం తిరగవు. నీళ్లు తాగండి. బాత్రూమ్‌కి వెళ్లే తీరిక లేదని తాగడం మానేసే నర్సులు నాకు చాలామంది తెలుసు.

ప్రశ్న: లారీ డ్రైవర్ని. విజయవాడ నుంచి చెన్నై, ఒక్కోసారి ఇటు వైజాగ్. బండిలో ఫ్రిజ్ ఉండదు. దాబాలో తింటే రొట్టెలు, నూనె. బండిలో పెట్టుకోవడానికి ఏదైనా చెప్పండి.

జవాబు: మీకు తడి డబ్బా లేదు, అంతా పొడే. హైవే మీద బీహార్ డ్రైవర్లు కలిస్తే వాళ్ల సంచిలో చూడండి, సత్తు ఉంటుంది. వేయించిన శనగల పిండి అది. నీళ్లలో ఉప్పు, నిమ్మరసం కలుపుకుని తాగేస్తారు. మన దగ్గర పుట్నాలు మిక్సీలో మెత్తగా పడితే దాదాపు అదే. జీలకర్ర, ఉప్పు, కాస్త మిరియాలు అందులోనే కలిపి సీసాలో పోసుకోండి. 50 గ్రాములు, అంటే గుప్పెడు పైన, గ్లాసు మజ్జిగలో కలిపితే 12 గ్రాముల దాకా వస్తుంది. మజ్జిగ దారిలో ప్యాకెట్ కొనుక్కోండి, ఇంటి నుంచి మోయకండి. మొదటి వారం రెండు చెంచాలతోనే మొదలుపెట్టండి, ఒకేసారి ఎక్కువైతే కడుపు ఉబ్బి స్టీరింగ్ దగ్గర కూర్చోలేరు.

దాబాలో కూర్చోగానే ముందు రెండు గుడ్ల ఆమ్లెట్, పప్పు ఫ్రై చెప్పండి. రొట్టెలు తర్వాత. ఆకలి మీద ముందు రొట్టెలు వస్తే నాలుగు లాగించేస్తాం, అది ఎవరికైనా అంతే. ఎండు రొయ్యల పొడి కూడా మంచిదే, బీపీ ఉంటే మాత్రం అందులో ఉప్పు చూసుకోండి. క్యాబిన్ అంతా వాసన వస్తుందని మీ క్లీనర్ గొడవ పడితే నాకు సంబంధం లేదు.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని. శాకాహారిని. మీల్ మేకర్ రోజూ తినొచ్చా, పౌడర్ డబ్బా కొనాలా?

జవాబు: మీల్ మేకర్ ఎండుది 100 గ్రాములకి 50 గ్రాముల పైనే ప్రోటీన్, పూటకి 30 గ్రాములు చాలు. వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి రెండుసార్లు గట్టిగా పిండి, ఉల్లికారంలో పొడిపొడిగా వేయించండి. పిండకపోతే ఆ పచ్చి వాసనకే జనం దాన్ని తిడతారు. వారంలో మూడు నాలుగు రోజులు అది, మిగతా రోజులు పనీరో, పైన చెప్పిన శనగలో.

పౌడర్ తప్పనిసరి కాదు. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడగకుండా అసలు ముట్టుకోవద్దు. కొన్నారే అనుకోండి, పొడిని పొడిగానే చిన్న డబ్బాలో తీసుకెళ్లి అక్కడ నీళ్లలో కలుపుకోండి. తాగిన వెంటనే బాటిల్ కడగండి. షిఫ్టు అయ్యాక బ్యాగులో మర్చిపోయి మర్నాడు మూత తీశారంటే, నా గుడ్ల కథ దాని ముందు దిగదుడుపే.