వైకల్యం గురించి చదివి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒడిశాలోని జయపురం నుంచి మీరు అడిగింది ఇది: అక్క కూతురికి నాలుగేళ్లు, సెరిబ్రల్ పాల్సీ అని డాక్టర్లు చెప్పారు, ఇంట్లో ఎవరికీ దాని సంగతి తెలియదు. పుస్తకాలు చదివితే ఏమైనా తెలుస్తుందా, తెలిస్తే ముందు ఏం చదవాలి?

తెలుస్తుందండీ. మాది రాయగడ. మా తమ్ముడిదీ అదే సమస్య. వాడి గురించి ఆసుపత్రుల్లో విన్నదాని కంటే నేను చదివి తెలుసుకున్నదే ఎక్కువ. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు వైకల్యం ఉన్నవాళ్లు తమ గురించి తాము రాసుకున్నవి చదవండి. వైద్యం పుస్తకాల సంగతి తర్వాత. మామూలుగా జబ్బు పేరు చెవిన పడగానే ఫోన్‌లో వెతుకుతాం. పిల్ల ఏమేం చేయలేదో అక్కడ వరసపెట్టి ఉంటుంది. అందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. కానీ ఆ పిల్లను ఒళ్లో పెట్టుకున్న తల్లికి రేపు పొద్దున్న ఏం చేయాలో అది చెప్పదు. ఇరవై ఏళ్లు పోయాక ఆ పిల్ల ఎలా బతుకుతుందో అసలే చెప్పదు. అది బతికిచూసినవాళ్లే చెప్పాలి.

వైద్యంలో మీకు వెంటనే కావలసింది ఇంతే. సెరిబ్రల్ పాల్సీ అంటే పుట్టకముందో, కాన్పు సమయంలోనో, పసితనంలోనో మెదడుకు తగిలిన దెబ్బ. ఆ దెబ్బ రోజురోజుకూ పెరగదు. కండరాలు మాత్రం బిగుసుకుపోతూ ఉంటాయి, కాబట్టి వ్యాయామం మానకూడదు. మాట ముద్దగా రావడం నోటి కండరాల వల్ల. ఈ సమస్య ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి బుద్ధిమాంద్యమూ ఉంటుంది, మిగతావాళ్లకు ఉండదు. మాట విని ఆ సంగతి ఎవరూ తేల్చకూడదు. డాక్టరైనా సరే.

నేను మొదట చదివింది క్రిస్టీ బ్రౌన్ ఆత్మకథ, 'మై లెఫ్ట్ ఫుట్'. 1954లో వచ్చింది. డబ్లిన్ ఊళ్లో ఇటుకపని మేస్త్రీ కొడుకు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు, ఎడమకాలు ఒక్కటే వాడి మాట వినేది. ఈ బిడ్డకు తెలివి రాదని డాక్టర్లు తేల్చేసినా తల్లి ఒప్పుకోలేదు. ఐదేళ్లప్పుడు ఆ ఎడమకాలి వేళ్లతో సుద్దముక్క పట్టుకుని మొదటి అక్షరం రాశాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు ఇళ్లల్లో తెలుగు మాట్లాడతాం, బడి మాత్రం ఒడియాలో. తమ్ముడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నాకు తెలుగు చదవడం మా నాయనమ్మ నేర్పింది. ఆ పుస్తకమేమో ఇంగ్లీషు. అందుకని నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేరా చదివి, రాత్రిపూట అందరూ కూర్చున్నప్పుడు తెలుగులో చెప్పేదాన్ని. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేది. డాక్టర్ల మాట ఆ తల్లి ఒప్పుకోని చోటు వచ్చినప్పుడు, "మరేటి, కన్నదానికి తెలీదా?" అంది.

క్రిస్టీని అన్నదమ్ములు ఒక పాత బండిలో కూర్చోబెట్టి వీధులన్నీ తిప్పేవారు. ఆ బండి విరిగి, వాళ్లు ఆడుకోవడానికి వెళ్లిపోతే తను ఇంట్లో మిగిలిపోయినప్పుడు, తాను అందరిలాంటివాణ్ణి కాననే సంగతి అతనికి మొదటిసారి తగులుతుంది. అక్కడికి రాగానే తమ్ముడు "మళ్లీ చదువప్పా" అన్నాడు. మళ్లీ చదివాను. అప్పుడు చెప్పాడు వాడు. మా ఊరి అమ్మవారు మజ్జి గౌరమ్మ చైత్ర జాతరకు పిల్లలందరూ బయల్దేరితే, జనంలో కష్టమని తనను నాయనమ్మ దగ్గర ఉంచేశారట. డప్పుల చప్పుడు ఇంటిదాకా వినబడుతూనే ఉందట. ఇన్నేళ్లలో ఆ ముక్క వాడి నోట మేమెవరం వినలేదు. "ఏరా, బాధపడ్డావా?" అని మేం అడిగి ఉంటే లేదనేవాడే. తనలాంటి ఇంకొకడు ముందు చెప్పాడు కాబట్టి వాడూ చెప్పాడు. చదవడం వల్ల మా ఇంటికి కలిగిన అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే అనుకుంటాను. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, ఒక్కరే గదిలో కూర్చుని చదువుకోకండి. పైకి చదవండి.

రెండోది మాలినీ చిబ్ రాసిన 'వన్ లిటిల్ ఫింగర్'. బొంబాయి అమ్మాయి, తనకూ సెరిబ్రల్ పాల్సీయే. ఒక్క వేలితో టైపు చేసి రాసిన పుస్తకం, పేరు కూడా అందుకే. వాళ్లమ్మ మిథు అలూర్ 1972లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే సంస్థ పెట్టింది ఈ కూతురి చదువు కోసమే. మాలిని ఇంగ్లండులో ఉన్నప్పుడు మోటారు కుర్చీలో తనంతట తాను బయట తిరిగింది. ఇక్కడికి వస్తే మళ్లీ ఒకరి మీద ఆధారపడాలి. అదే శరీరం, అవే కాళ్లు. మారింది వీధి. ఈ మాటను ఇంగ్లండులో వికలాంగుల సంఘం ఒకటి 1976లోనే సిద్ధాంతంగా చెప్పింది: ఒంట్లో ఉన్న లోపం వేరు, సమాజం పెట్టే అడ్డు వేరు అని. నేను ఆ సిద్ధాంతం తర్వాతెప్పుడో చదివాను. ముందే మాలిని కథ చదివి ఉండడం వల్ల ఒక్కసారికే అర్థమైంది.

మా బజారులో కొట్లన్నీ మెట్ల మీద ఉంటాయి, మెట్ల ముందు మురుగుకాలువ. తమ్ముడి మూడుచక్రాల బండి ఎక్కడికి వెళ్లినా వీధిలోనే ఆగేది, సరుకును కొట్టు మనిషి బయటికి తెచ్చి ఇచ్చేవాడు. మాలిని పుస్తకం విన్నాక నాన్నగారు మా బట్టల కొట్టు ముందు వాలుగా సిమెంటు పోయించారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటే బండి తేలిగ్గా ఎక్కుతుందని చదివి నేనే కొలత చెప్పాను. ఇప్పుడు తమ్ముడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలు కూడా ఆ వాలు మీదుగానే వస్తున్నారు.

ఇక మీ అక్కకు రేపటి నుంచే పనికొచ్చే పుస్తకం డేవిడ్ వెర్నర్‌ది, 'డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్'. 1987లో వచ్చింది. ఆయనకూ కండరాల వైకల్యం ఉంది. మెక్సికో కొండపల్లెల్లో వికలాంగులే నడిపిన కేంద్రంలో నేర్చుకున్నదంతా అందులో పెట్టాడు. ప్రచురించిన హెస్పీరియన్ సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తోంది. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినా ఫర్వాలేదు, పేజీ పేజీకీ బొమ్మలున్నాయి. వెదురుతో నడక నేర్పే కర్రలు, అట్టముక్కలు అంటించి కుర్చీ, ఇలాంటివన్నీ మన కొండ ఊళ్లల్లో కూడా చేసుకోవచ్చు.

అందులో నుంచి రెండు సంగతులు చెబుతాను. ఇలాంటి పిల్లలకు కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి మెలిపడతాయి. ఎత్తుకునేటప్పుడు కాళ్లు ఎడంగా ఉండేలా నడుము మీద కూర్చోబెట్టుకోమని బొమ్మ వేశాడు. మన ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకునేది అలాగే! బుజాన వేసుకుని రెండు కాళ్లూ కలిపి పట్టుకోవడం మానమనండి, అంతే. రెండోది తిండి. పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి అన్నం పెడితే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి పెట్టాలి. ఏ వ్యాయామమైనా ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించాకే మొదలుపెట్టండి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది.

సినిమాల్లో, వాట్సాప్ కథల్లో చూపించేవి చదవడం కింద లెక్కవేయకండి. వాటిలో వికలాంగుడు ఏడిపించాలి, లేకపోతే కొండ ఎక్కి చూపించాలి. మామూలుగా టీ తాగి, కొట్టు తెరిచి, తమ్ముడితో పోట్లాడే మనిషి అక్కడ కనబడడు. ఇన్ని రోజుల్లో నయం చేస్తామనే ప్రకటనలైతే పూర్తిగా వదిలేయండి. ఆ డబ్బు పిల్ల కుర్చీకి పనికొస్తుంది.

చట్టం కూడా చదవండి. బెదిరిపోకండి, అనుకున్నంత కష్టమైనది కాదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం అంతకుముందు చట్టంలో ఏడు రకాలుగా ఉన్న వైకల్యాలను 21 చేసింది. సెరిబ్రల్ పాల్సీ అందులో ఉంది. మన ప్రాంతంలో ఎక్కువగా కనబడే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కూడా ఉంది, చుట్టుపక్కలవాళ్లకు చెప్పండి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కుంది. 58వ సెక్షన్ ప్రకారం వైకల్య ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. వైద్యానికి అటు ఆంధ్రాకు, బడికి ఇటు ఒడిశాకు తిరిగే మనకు ఇది ముఖ్యం. వికలాంగుల కోసం ఒడిశా ప్రభుత్వం పెట్టే భీమ భోయ్ శిబిరం మీ బ్లాకుకు వచ్చినప్పుడు ధ్రువపత్రం పని చూసుకోండి, ఆ ప్రభుత్వమే ఇచ్చే మధుబాబు పింఛను గురించి కూడా అక్కడే అడగండి.

తమ్ముడి పరీక్షలప్పుడు రాసిపెట్టే మనిషిని ఇవ్వం, అదనపు సమయం కుదరదు అన్నారు. అదే చట్టంలోని 17వ సెక్షనూ, గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలన్న 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలూ అచ్చు తీసి, ఆ లైన్ల కింద గీతలు గీసి పట్టుకెళ్లాను. గొడవేమీ పడలేదు. వాళ్లూ అప్పుడే చదివినట్టున్నారు. రెండూ ఇచ్చారు.

ఇదంతా తమ్ముడికి చదివి వినిపిస్తే, ఒకటి మర్చిపోయావన్నాడు. పెద్దవాళ్లు చదువుకోవడం సరే, ఆ పాపకు కథలు చదువుతున్నారా అని అడగమన్నాడు. మాట రాదు కదా, ఏం అర్థమవుతుందిలే అని చాలా ఇళ్లల్లో చదవరు. చదవండి. కాకి కథ, కోతి కథ, అందరి పిల్లలకూ చెప్పేవే. మధ్యలో ఆపి, "కాకి ఏదీ?" అని రెండు బొమ్మలు చూపించండి. చేత్తో చూపలేకపోతే కళ్లతో చూపిస్తుంది. బొమ్మలు దగ్గర దగ్గరగా పెట్టకుండా మధ్యలో జానెడు ఎడం ఉంచితే ఎటు చూస్తోందో మీకు తెలుస్తుంది. జవాబుకు తొందరపెట్టొద్దని, తనకైతే ఒక్కోసారి నిమిషం పట్టేదని కూడా రాయమన్నాడు.