‘వెళ్లిపోయి ఉంటుంది’ అన్న మాటే సగం కేసును మూసేస్తుంది

‘ఇన్ని కెమెరాలు, ఇన్ని ఫోన్లు ఉన్న కాలంలో ఒక అమ్మాయి ఆనవాలు లేకుండా ఎలా మాయమవుతుంది?’ అని మీరు అడిగారు. చాలా తేలికగా మాయమవుతుంది. మొదటి రెండు రోజులు ఎవరూ గట్టిగా వెతకకపోతే చాలు. వెతకకుండా చేయడానికి ఒక్క మాట చాలు: ‘ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది.’

మా చిన్నాన్న కూతురు 2011లో కంప్యూటర్ కోర్సుకని ఊరి నుంచి శ్రీకాకుళం బయల్దేరింది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగడం మా ఊరావిడ చూసింది. ఆ తరువాత చూసినవాళ్లు లేరు, నేటికీ లేరు.

ఆ రాత్రి చిన్నాన్న బంధువులందరికీ ఫోన్లు చేశాడు. ‘మా అమ్మాయి మీ ఇంటికి వచ్చిందా’ అని ఒక్కరినీ అడగలేదు. ‘అందరూ కులాసాయేనా’ అని అడిగి పెట్టేశాడు. వచ్చి ఉంటే వాళ్లే చెబుతారని ఆశ. రాలేదని తెలిస్తే పరువు పోతుందని భయం. ఆయనను తప్పు పట్టను, మన ఊళ్లలో ఆడపిల్ల తండ్రి అంతకంటే ఏం చేయగలడు?

మర్నాడు పోలీస్ స్టేషన్. ఊరు ఒక స్టేషన్ పరిధి, బస్సు దిగిన చోటు మరొకటి. వీళ్లు అక్కడికి పొమ్మన్నారు, వాళ్లు ఇక్కడికి పొమ్మన్నారు. చివరికి కాగితం తీసుకున్నాయన మొదట అడిగిన ప్రశ్న: ‘ప్రేమ వ్యవహారం ఏమైనా ఉందా?’ ఏ బట్టలు వేసుకుంది, ఫోన్ నంబరు ఏమిటి అన్నవి ఆ తరువాత. ‘లేదు బాబూ’ అన్నాడు చిన్నాన్న. ‘అందరూ అలాగే అంటారు. రెండు రోజులు చూడండి, తనే ఫోన్ చేస్తుంది’ అన్నాడాయన.

ఫోటో సంగతి చెప్పాలి. విడిగా దిగిన ఫోటో హాల్‌టికెట్ మీదిదే, అందులో మనిషి పోలికే లేదు. అందుకని ఒక పెళ్లి ఫోటో ఇస్తే స్టూడియో అతను దాన్ని కత్తిరించి పోస్టరు చేశాడు. పక్కనున్న మేనత్త మనిషి పోయింది గానీ భుజం మీద వేసిన చేయి మిగిలిపోయింది. గాజులు కత్తిరింపులో పోయాయి, నాలుగు వేళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. పోస్టరు అంటించిన ప్రతిచోటా జనం ఎడమ మోచేతి మీది కాలిన మచ్చ గురించి చదవలేదు. ‘ఆ చేయి ఎవరిది?’ అన్నారు. వారం తిరగకుండానే ఆ వేళ్లకు ఒక కులం, ఒక మోటారు సైకిలు కూడా వచ్చాయి. మా మేనత్త ఏడ్చినా నమ్మినవాళ్లు లేరు.

కెమెరాలంటారా? దగ్గర్లో ఒక బంగారం కొట్టుకు ఉంది. అడగడానికి వెళ్లేసరికి పాతదాని మీద కొత్తది రికార్డయిపోయింది. ఫోన్ కంపెనీలు అప్పట్లో కాల్ వివరాలు ఏడాది మాత్రమే దాచేవి. 2021 డిసెంబరులోనే ఆ గడువును రెండేళ్లు చేశారు.

పోలీసులు వదిలేస్తే అంజనం వేసేవాళ్లు పట్టుకుంటారు. ‘తూర్పు దిక్కున, నీళ్లున్న చోట ఉంది’ అన్నాడు ఒకాయన. మన జిల్లాకు తూర్పున ఉన్నదంతా సముద్రమే, ఆ మాత్రం చెప్పడానికి దక్షిణ డబ్బులు ఎందుకో! ఇంకొకడు ఫోన్ చేసి ‘మీ పిల్ల కనిపించింది, పెట్రోలుకు డబ్బు పంపండి’ అన్నాడు. చిన్నాన్న పంపాడు కూడా.

రేషన్ కార్డులో పేరు తీయించమని ఒక ఆఫీసులో చెప్పారు. పెళ్లి కాగితమో మరణ ధ్రువపత్రమో తెమ్మన్నారు. ఆడపిల్ల ఇల్లు వదలడానికి ఆ దరఖాస్తులో మూడో గడి లేదు. పిన్ని అసలు పేరే తీయించనంది. ‘ఏడేళ్లు దాటింది, చట్టప్రకారం చనిపోయినట్లే, కర్మ చేయించండి’ అని పెద్దమనిషి ఒకరు సలహా ఇచ్చారు. 2024 జూలై దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పింది అది కాదు. ఏడేళ్లుగా కబురు లేని మనిషి బతికే ఉందని ఎవరైనా కోర్టులో అంటే, రుజువు చేసే భారం వాళ్లదని మాత్రమే. వెతకడం మానమని ఎక్కడా లేదు.

మీ ఇంట్లోనే ఇలాంటిది జరిగి అడిగి ఉంటే ఇప్పుడే స్టేషన్‌కు వెళ్లండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. ఎత్తుకుపోయారన్న అనుమానముంటే ఆ మాట ఫిర్యాదులో రాయండి. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్‌ఐఆర్. 2024 జూలై 1 నుంచి అది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం 173వ సెక్షన్‌లోనే ఉంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, తీసుకోకుండా కదలకండి. ఫోన్ కొన్న డబ్బా మీద ఆ ఫోన్‌ను గుర్తుపట్టే ఐఎంఈఐ నంబరు ఉంటుంది, దాన్నీ పట్టుకెళ్లండి. ఫోటో మాత్రం ఒక్కతే ఉన్నది ఇవ్వండి.